సిపాయికి కార్డుంది, సఫాయికి ఏముంది?



కరోనా సూది ఈ దేశంలో మొట్టమొదట ఎవరి భుజం మీద పడ్డదో యాది చేసుకోండి. 2021 జనవరి 16 నాడు ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రిలో ఒక పారిశుద్ధ్య కార్మికునికి మొదటి సూది వేశారు. అదే రోజు హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో మన రాష్ట్రపు మొదటి సూది ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. కెమెరాలు మెరిసినయి, పేపర్ల మొదటి పేజీల్లో ఫోటోలు పడ్డయి. మంచిదే. వార్డులు కడిగి, నెత్తురు గుడ్డలు ఎత్తి, సొంత బిడ్డలు కూడా ముట్టని శవాలను మూటగట్టిన చేతులకు మొదటి సూది దక్కడం న్యాయమే. దాన్ని మేము తప్పు పట్టడం లేదు. మా ప్రశ్న వేరే ఉంది. ఫోటో దిగిన తర్వాత ఆ మనిషి పేరు ఏ రిజిస్టరులోకి ఎక్కింది? రేపు జ్వరమొస్తే ఏ ఆస్పత్రి గేటు కాడ నిలబడి "ఇది నా ఆస్పత్రి, నన్ను చూడవలసిందే" అని చెప్పగలదు?

అట్ల చెప్పగలిగినవాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. రైల్వేలో పనిచేసినవాళ్ళకు రైల్వే ఆస్పత్రి ఉంది. బొగ్గు తవ్వినవాళ్ళకు సింగరేణి ఆస్పత్రి ఉంది. పట్టాలు వేసిందీ, బాయిలోకి దిగిందీ ఎక్కువగా మనవాళ్ళే కనుక ఆ రెండు ఆస్పత్రుల విలువ మనకు తెలుసు. మూడోది మాజీ సైనికులది. దాని గురించి మన వాడల్లో తెలిసినవాళ్ళు తక్కువ. ఈ సంచికలో దాని గురించే మాట్లాడదలిచాము. ఎందుకంటే ప్రభుత్వం ఒక మనిషిని "వీడు నావాడు" అనుకుంటే ఏం చేస్తుందో దాంట్లో కనబడుతుంది. అనుకోకపోతే ఏం చేయదో కూడా దాంట్లోనే కనబడుతుంది.

కార్డు అంటే ఏమిటి?

ఫౌజు నుంచి పింఛనుతో దిగివచ్చిన సిపాయిల కోసం 2003 ఏప్రిల్ 1 నుంచి ఒక ఆరోగ్య పథకం నడుస్తున్నది. ఇ.సి.హెచ్.ఎస్. అంటారు. సిపాయి ఒక్కసారి తన హోదాను బట్టి డబ్బు కట్టాలె. 1996 జనవరి 1కి ముందు దిగినవాళ్ళు, యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఆ డబ్బు కూడా కట్టనక్కర లేదు. ఆ తర్వాత సిపాయికి, ఆయన భార్యకు, ఆధారపడ్డవాళ్ళకు కార్డు ఇస్తారు. దేశం మొత్తం మీద నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్కులున్నయి. మన దిక్కు వరంగల్‌లో ఒకటి ఉంది. అక్కడ చూడలేని రోగాన్ని పెద్ద ఆస్పత్రికి రాసి పంపుతారు, బిల్లు పథకం కడుతుంది. ఈ పథకం కింద ఉన్నవాళ్ళు 50 లక్షలకు పైనే.

కరోనా వచ్చినప్పుడు ఈ కార్డు ఏం చేసింది? 2021 ఏప్రిల్, మే నెలల్లో దేశమంతా ఊపిరాడక కొట్టుకుంటున్నప్పుడు, రక్షణ శాఖ 51 పాలీక్లినిక్కులను ఏరి, రాత్రిపూట కూడా తెరిచి ఉంచడానికి అదనంగా డాక్టర్లను, నర్సులను కాంట్రాక్టు మీద తీసుకున్నది. రాత్రి పన్నెండింటికి దగ్గు ముదిరితే తలుపు కొట్టడానికి ఒక చోటు దొరికింది. ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు ఒకటి మే నెలలో మొదలుపెట్టారు. మిలటరీ ఆస్పత్రులు మాజీ సైనికులకు టీకాలు వేశాయి. ఇందులో మాయ ఏమీ లేదు. ఒక లిస్టు ఉంది, ఆ లిస్టులో పేరుంది, ఆ పేరుకు జవాబు చెప్పవలసిన ఒక శాఖ ఉంది. అంతే. లిస్టు ఉంటే శాఖ కదులుతుంది. లిస్టు లేకపోతే మనిషి చచ్చినా లెక్కకు రాడు.

సిపాయికి ఇది దక్కినందుకు మాకు ఈర్ష్య లేదు. సరిహద్దుల మీద మంచులో కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళల్లో మన వాడల పిల్లలు కూడా ఉన్నారు. మేము అడిగేది ఒక్కటే. సేవ చేసినోడికి హక్కు అనేది న్యాయమైతే, ఆ న్యాయం సిపాయి దగ్గరే ఎందుకు ఆగింది?

అమెరికా వాళ్ళు ఏం చేశారు?

అమెరికాలో మాజీ సైనికులకు సర్కారే నడిపే సొంత ఆస్పత్రులున్నయి. డాక్టరు సర్కారు ఉద్యోగి, మందు సర్కారుది. 2020 డిసెంబర్‌లో టీకా రాగానే ఆ ఆస్పత్రులు తమ రిజిస్టర్లు తీసి, ముసలివాళ్ళను, రోగాలున్నవాళ్ళను పిలిచి సూదులు వేసినయి. మోంటానా అనే రాష్ట్రంలో ఊళ్ళు దూరం దూరం ఉంటయి. అక్కడి మాజీ సైనికుల కోసం చిన్న విమానంలో టీకా పెట్టెలు తీసుకపోయిండ్రు. 2021 మార్చి 24న ఒక చట్టం మీద అధ్యక్షుడు బైడెన్ సంతకం పెట్టాడు. ఆ చట్టంతో, ఆ ఆస్పత్రుల్లో పేరు లేని మాజీ సైనికులకు కూడా, వాళ్ళ భార్యలకు, భర్తలకు, వాళ్ళకు సేవ చేసే మనుషులకు కూడా అక్కడ సూది వేయించుకునే హక్కు వచ్చింది.

ఆ చివరి మాట మళ్ళీ చదవండి. సేవ చేసే మనుషులకు కూడా! మంచాన పడ్డ సిపాయికి స్నానం చేయించే మనిషికి రోగం వస్తే సిపాయికీ వస్తుందని వాళ్ళు గ్రహించారు. రోగానికి హోదా లేదు, కులం లేదు. పక్కనోడిని వదిలేసి ఒక్కణ్ణి కాపాడడం కుదరదు.

అమెరికాను పొగడడానికి ఇది రాయడం లేదు. ఆ దేశం నల్లవాళ్ళకు ఏం చేసిందో ముందు చెప్తాము.

మేడారం నుంచి ఎంత దూరం?

ఇప్పుడు మన దగ్గరికి రండి. మేడారం ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా. ఈ అడవి ఊళ్ళల్లో ఫౌజు నుంచి దిగిన ముసలాయన ఒకడు ఉన్నాడనుకోండి. ఆయన జేబులో కార్డుంది. కార్డు చెల్లే పాలీక్లినిక్కు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. మిలటరీ ఆస్పత్రి సికింద్రాబాద్‌లో, రెండు వందల కిలోమీటర్లకు పైనే. లాక్‌డౌన్‌లో బస్సు లేదు. ఆటోకు పోను రాను ఎంత అవుతుందో మీకు తెలుసు. కార్డు ఉన్నా చేతిలో పనిముట్టు కాదు, గోడకు తగిలించిన పటమే. దూరం అనేది పేదవాడి మీద వేసే పన్ను. ఆ పన్నుకు రసీదు ఉండదు.

ఇక కార్డు లేని మనిషి సంగతి చూడండి. 2021 మార్చి 1 నుంచి 60 ఏళ్ళు దాటినవాళ్ళకు, రోగాలున్న 45 ఏళ్ళవాళ్ళకు సూది అన్నారు. మే 1 నుంచి 18 నుంచి 44 ఏళ్ళవాళ్ళకు అన్నారు, కానీ ముందు ఫోన్‌లో కోవిన్‌లో పేరు ఎక్కించుకొమ్మన్నారు. సిగ్నల్ కోసం చెట్టెక్కే ఊళ్ళకు ఈ షరతు పెట్టిన పెద్దమనుషులు ఎన్నడన్నా తాడ్వాయి అడవి దాటి వచ్చారా? ప్రైవేటు ఆస్పత్రిలో కోవాగ్జిన్ ఒక్క సూదికి 1,410 రూపాయల దాకా తీసుకోవచ్చని ఆ జూన్‌లో ధర కట్టారు. ఆ ఏడాది మన ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. అంటే ఒక్క సూదికి ఆరు రోజుల మట్టి తవ్వాలె! ఆ మందు తయారైంది ఎక్కడ? హైదరాబాద్ పక్కన శామీర్‌పేట దిక్కు. మన నేల మీద తయారైన మందు మన చేతికి అందనంత ఎత్తున పెట్టారు.

సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వులో ఈ విధానాన్ని తప్పుబట్టింది. ఫోన్ లేనివాడు, చదువు రానివాడు ఎట్ల పేరు ఎక్కించుకుంటడని అడిగింది. జూన్ 7న ప్రధాని టీవీలో వచ్చి, జూన్ 21 నుంచి 18 ఏళ్ళు దాటిన అందరికీ కేంద్రమే ఉచితంగా ఇస్తుందన్నాడు. అడిగితేనే వచ్చింది. అడగకపోతే వచ్చేదా?

సూదిని ఊరికి మోసింది ఎవరు?

చివరికి సూది మన గడప దాకా ఎట్ల వచ్చింది? పాలీక్లినిక్కు మోసుక రాలేదు, కార్పొరేటు ఆస్పత్రి మోసుక రాలేదు. ఏ.ఎన్.ఎం. అక్క చల్లటి డబ్బా భుజానికి తగిలించుకొని వచ్చింది. ఆశా అక్క ముందు నడిచి ఇంటింటికీ పోయి, తిట్లు తిని, తలుపులు మూసుకున్నవాళ్ళను బతిమాలి కూర్చోబెట్టింది. వాగులు దాటింది వాళ్ళే. 2021 నవంబర్‌లో ఇంటింటికీ టీకా అని కేంద్రం పేరు పెట్టకముందే వాళ్ళు ఇంటింటికీ తిరుగుతనే ఉన్నారు. కార్డున్న ముసలి సిపాయికి కూడా ఇట్లాంటి ఊళ్ళల్లో దగ్గరున్న సూది ఆ అక్క డబ్బాలోనిదే.

2022 మే నెలలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలందరికీ అవార్డు ఇచ్చింది. అవార్డు ప్రపంచానిది. మరి నౌకరీ? ప్రభుత్వ లెక్కలో ఆశా ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. ఆమెకు జీతం లేదు, పారితోషికం అన్నారు. పింఛను లేదు. రోగమొస్తే ఆమెకంటూ ఆస్పత్రి లేదు. ఊరందరికీ ఆస్పత్రి దారి చూపించే మనిషికి తనదంటూ ఆస్పత్రి లేకపోవుడు ఎంత సిగ్గుచేటు!

జాతర సంగతి కూడా చెప్పుకుందాం. 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా, మూడో అల తగ్గీ తగ్గక ముందే, సమ్మక్క సారలమ్మ జాతర జరిగింది. నాలుగు రోజులు జంపన్న వాగు మీద జనం తప్ప నీళ్ళు కనబడలేదు. జనం బంగారం ఎత్తు ఇచ్చి, మొక్కు తీర్చుకొని, బస్సెక్కి పోయిండ్రు. వెనక మిగిలింది ఏమిటి? కోళ్ళ ఈకలు, మేకల పేగులు, ప్లాస్టిక్కు, మలం. దాన్ని ఎత్తడానికి వేరే జిల్లాల నుంచి కూడా పారిశుద్ధ్య కార్మికులను వేల సంఖ్యలో తెస్తారు. వాళ్ళు ఏ వాడల నుంచి వస్తారో మా పాఠకులకు చెప్పనక్కర లేదు. దేశం సరిహద్దు కాసినవాడు సైనికుడైతే, రోగానికీ ఊరికీ నడుమ సరిహద్దు కాసినవాళ్ళు వీళ్ళు. ఈ యుద్ధానికి వీళ్ళే మాజీ సైనికులు. వీళ్ళ రిజిస్టరు ఎక్కడుంది? కాంట్రాక్టరు సంచిలో ఉంది. జాతర అయిపోంగనే అది కూడా చెత్తలోకి పోతుంది.

ఇంకొక మాట. ఆ గద్దెల మీద ఉన్నది ఎవరు? కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మీద పడితే ఎదురు నిలిచి నేలకొరిగినవాళ్ళని కోయ జనం చెప్పుకుంటరు. మేడారం గద్దెలు ఓడిన వైపు వీరులవి. ఏ ప్రభుత్వమూ వాళ్ళకు పింఛను రాయలేదు, జనమే యాది పెట్టుకున్నారు. అట్లాంటి నేల మీద నిలబడి, లెక్కలోకి రాని సేవ గురించి అడిగే హక్కు మాకున్నది.

అనుమానం ఊరికే పుట్టలేదు

సూది వద్దన్న జనాన్ని చూసి పట్నపోళ్ళు నవ్వారు. "మూఢ నమ్మకం, అజ్ఞానం" అన్నారు. ఆ నవ్వినవాళ్ళకు మేము రెండు సంగతులు చెప్తాము.

మొదటిది మన పక్కనే జరిగింది. 2009లో ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో, భద్రాచలం దిక్కు, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని హెచ్.పి.వి. టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ నడిపిన కార్యక్రమం అది. చాలామంది ఆశ్రమ హాస్టళ్ళ పిల్లలు, ఆదివాసి పిల్లలు, దళిత పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. కానీ 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం రిపోర్టు వచ్చింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి కాగితాల్లో 2,763 కాగితాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! కన్న తల్లి బతికి ఉంది, తండ్రి బతికి ఉన్నాడు, సంతకం వార్డెను పెట్టాడు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. మంచి మందును కూడా అడగకుండా పొడిస్తే అది వైద్యం కాదు, పెత్తనం.

రెండోది అమెరికాది. అలబామా రాష్ట్రంలో టస్కీగీ అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొట్లాడి వచ్చిన నల్ల సైనికులను తెల్లవాళ్ళ ఆస్పత్రులు దగ్గరికి రానియ్యకపోతే, 1923లో ఆ ఊళ్ళో నల్ల మాజీ సైనికుల కోసం వేరే ఆస్పత్రి కట్టారు. ఆ ఊరి చుట్టుపక్కలే 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్ళు, సర్కారు డాక్టర్లు సవాయి రోగమున్న 399 మంది నల్ల పేదలను మందు ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చిన తర్వాత కూడా ఇయ్యలేదు. రోగం మనిషిని ఎట్ల తింటదో రాసుకుంటూ పోయారు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పాడు. 2021లో కరోనా సూది కాడ నల్లవాళ్ళు వెనుకాడితే ఆ దేశంలో అందరికీ టస్కీగీ యాదికొచ్చింది. మన దగ్గర ఎవరికీ భద్రాచలం యాదికి రాలేదు. అదీ తేడా.

అయినా మేము సూది వద్దని చెప్పడం లేదు. గట్టిగా చెప్తున్నాం: టీకా ప్రాణం కాపాడింది, మశూచిని ఈ భూమి మీద లేకుండా చేసింది, పోలియోను మన దేశం నుంచి తరిమింది. టీకాకు దూరమైతే ముందు చచ్చేది మన వాడే. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది, యుద్ధం నుంచి ఓడల్లో తిరిగొచ్చిన సైనికులతో బొంబాయి రేవులో దిగింది. ఆ ఏడు బొంబాయిలో ఆ రోగానికి వెయ్యి మంది తెల్లవాళ్ళల్లో ఎనిమిది మంది చచ్చిపోతే, వెయ్యి మంది అంటరాని, కింది కులాలవాళ్ళల్లో 61 మంది చచ్చిపోయారు. రోగానికి కులం లేదు, నిజమే. కానీ చావుకు కులముంది. ఇరుకు గది, ఖాళీ కడుపు, దూరపు దవాఖాన, ఇవి కలిసి చావుకు కులాన్ని అంటగట్టినయి.

ఉన్న కార్డు కూడా గుంజుకుంటున్నారు

ఫౌజు మనకు ఉట్టి నౌకరీ కాదు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదారు. 1891లో బాబాసాహెబ్ పుట్టింది మౌ కంటోన్మెంటులో. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే తెల్లదొరలు "యుద్ధ జాతులు" అని ఒక సిద్ధాంతం పుట్టించి మహర్లకు సైన్యం తలుపులు మూశారు. మళ్ళీ 1941లో మహర్ రెజిమెంటు నిలబడేదాకా కొట్లాడవలసి వచ్చింది. ఎందుకు కొట్లాడారు? తుపాకి మీద మోజుతో కాదు. అంటరానివాడికి బడి, జీతం, పింఛను, దవాఖాన ఒకేచోట దొరికిన అరుదైన జాగా అది.

ఆ జాగాను ఇప్పుడు కుదించారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ అన్నారు. నాలుగేళ్ళు పనిచేయాలె, నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. దిగినవాళ్ళకు ఒక మొత్తం ఇచ్చి పంపుతారు. పింఛను లేదు, మాజీ సైనికుడనే హోదా లేదు, మనం పైన చెప్పుకున్న ఆరోగ్య కార్డు లేదు! మూడు రోజులకే, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో పోలీసు కాల్పుల్లో చచ్చిపోయిన పిల్లగాడు మన వరంగల్ జిల్లావాడే. 2022 చివర్లో చేరిన మొదటి బ్యాచికి నాలుగేళ్ళు 2026 చివరితో నిండుతయి. ఇంకో మహమ్మారి వస్తే ఆ పిల్లలు ఏ రిజిస్టరులో ఉంటారు? సఫాయిని సిపాయి స్థాయికి ఎత్తమని మేము అడుగుతుంటే, సర్కారు సిపాయిని సఫాయి స్థాయికి దించింది. కాంట్రాక్టు అనే ఒక్క మాటతో ఇద్దర్నీ ఒకే గాటికి కట్టింది. ఇద్దరూ కలిసి కొట్లాడవలసిన కాలం వచ్చింది.

లిస్టు తయారు చేయడం సర్కారుకు చేతగాదా? చేతనవుతుంది. 2022 మార్చిలో ఇదే ములుగు జిల్లాలో, రాజన్న సిరిసిల్ల జిల్లాలో, 18 ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఇంటికొచ్చి పరీక్షలు చేసి ఆరోగ్య వివరాలు రాసుకునే పని మొదలుపెట్టారు. అంటే పేర్లు రాసుకోగలరు. రాసుకున్న పేరుకు జవాబుదారీ ఎవరన్నదే తేలాలె. పేరు రాసుకొని మందు ఇవ్వకపోతే అది ఆరోగ్యం కాదు, జనాభా లెక్క.

మేము అడుగుతున్నవి

1. ఊరి ఆరోగ్య ఉపకేంద్రాన్నే అందరి పాలీక్లినిక్కు చేయాలె. ఏ.ఎన్.ఎం. పోస్టులు పర్మనెంటు చేయాలె. ఆశాను ఉద్యోగిగా గుర్తించాలె.

2. జాతరలకు, పంచాయతీలకు, ఆస్పత్రులకు పనిచేసే ప్రతి పారిశుద్ధ్య కార్మికుని పేరు సర్కారు రిజిస్టరులో ఉండాలె, కాంట్రాక్టరు సంచిలో కాదు. పనికి ముందు టీకా, పని తర్వాత పరీక్ష, ఏడాది పొడుగునా చెల్లే ఆరోగ్య కార్డు ఇయ్యాలె.

3. అగ్నివీరులకు మాజీ సైనికుల ఆరోగ్య పథకం వర్తింపజేయాలె.

4. ఏజెన్సీలో ఉన్న మాజీ సైనికుల కోసం, వాళ్ళ భార్యల కోసం డాక్టరే బండిలో రావాలె.

5. ఏ సూది వేసినా కోయ భాషలో, తెలుగులో వివరంగా చెప్పి, ఆ మనిషి దగ్గర, పిల్లలైతే తల్లిదండ్రుల దగ్గరే సమ్మతి తీసుకోవాలె. వార్డెన్ సంతకం చెల్లదు.

సర్కారు చేసేదాకా కూర్చోవద్దు. సంఘాల కార్యకర్తలు మీ వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు సఫాయి పనికి పోతున్నారు, ఎన్ని రోజులు, ఏ కాంట్రాక్టరు కింద అన్నది రాయండి. ఎవరి ఇంట్లో ఫౌజు నుంచి దిగినవాళ్ళున్నారో, ఎవరు సిపాయి భార్యలై విధవలయ్యారో రాయండి. కుటుంబ పింఛను తీసుకునే విధవకు కూడా ఆ కార్డుకు హక్కుంది. ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు, మీరు చెప్పండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోలుకపోండి. పిల్లల టీకాలు, ముసలివాళ్ళ బీపీ, షుగరు మాత్రలు సమయానికి అందుతున్నయా రాయండి. నెలకోసారి ఆ నోటుబుక్కు పట్టుకొని పది మంది కలిసి ఉపకేంద్రానికి పోండి. పోయి, అక్కడున్న ఏ.ఎన్.ఎం. అక్క మీద అరవొద్దు. ఆమెను మీ పక్కన కూర్చోబెట్టుకొని, ఇద్దరూ కలిసి పైవాళ్ళను అడగండి.

కార్డు లేనిదే బతుకు లేని కాలంలో ఉన్నాం. కార్డు ఇయ్యమని అడుక్కోవడం మా పని కాదు. లిస్టులో మా పేరు మేమే రాస్తాము.

జై భీం!